కంటికి కనబడనిది

కంటికి కనబడని దాన్ని లేదనుకోవడం మనిషికి బహు సులువు. నల్గొండ జిల్లావారికి మాత్రం ఆ సుఖం దక్కలేదు. మర్రిగూడ, చండూరు వైపు బావుల్లో నీళ్ళు అద్దంలా తేటగానే ఉండేవి. తాగినవారికి పళ్ళు గారపట్టాయి, నడుములు వంగాయి, పసిపిల్లల కాళ్ళు వంకరపోయాయి. అది ఫ్లోరైడు చేసిన పని అని తెలిసేసరికే ఎందరో మంచాన పడ్డారు. కృష్ణ నీళ్ళు గొట్టాల్లో వచ్చాక గదా అక్కడి తల్లులు ఊపిరి పీల్చుకున్నది!

ఆ కృష్ణ ఒడ్డునే యురేనియం ఉంది. నాగార్జునసాగర్ జలాశయానికి కూతవేటు దూరంలో, లంబాపూర్, పెద్దగట్టు గుట్టల కింద. గని తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ వస్తే, 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాలవాళ్ళు వద్దని గొంతెత్తారు. ఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారం మొదట మల్లాపురంలో అన్నారు. దానికి దగ్గర్లోనే అక్కంపల్లి జలాశయం. హైదరాబాదు కుళాయిలకు నీళ్ళు వెళ్ళేది అక్కణ్ణుంచే. గొడవ ముదిరాక కర్మాగారాన్ని దేవరకొండ వైపు శేరిపల్లికి మార్చారు. చివరికి గనీ రాలేదు, కర్మాగారమూ రాలేదు.

ఇంతకూ భయమెందుకంటారా? టన్ను రాయి పిండి చేస్తే కిలో యురేనియం దొరకడం గొప్ప. ఆ కిలో పట్టుకుని కంపెనీ వెళ్ళిపోతుంది. మిగిలిన పిండి బురదై చెరువంత గుంటలో ఇక్కడే ఉండిపోతుంది. అందులో రేడియం ఉంటుంది. దాని ఉగ్రత సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు కావాలి. మన దేవరకొండ కోట వయస్సు అందులో సగమైనా లేదు సుమండీ! అన్నేళ్ళూ ఆ గుంటకు కాపలా ఎవరు?

కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తూనే ఉంది. బురదగుంట పక్కనున్న కె.కె. కొట్టాల రైతులు తమ బోరునీళ్ళు చెడ్డాయనీ, అరటితోటలు పాడయ్యాయనీ మొత్తుకుంటున్నారు. కంపెనీ కాదంటోంది. ఎవరి మాట నిజమో నీళ్ళను చూస్తే తెలియదు. అదే గదా చిక్కు!

కరెంటు కావాలి, నిజమే. మా ఇంట్లోనూ ఫంకా తిరగాలి. కాని ఆ ఫంకా గాలికి వెలకట్టేటప్పుడు చెంచుపెంట లెక్కలోకి రాదేమి?

పాలమూరు వైపు అమ్రాబాద్ పులుల అడవిలో 2019లో అదే జరగబోయింది. 83 చదరపు కిలోమీటర్లలో నాలుగు వేల బోర్లు వేసి చూస్తామన్నారు. సర్వేయే గదా, తవ్వకం కాదు గదా అన్నారు. పెళ్ళిచూపులే గదా అన్నట్టు! నాలుగు వేల బోర్లకు యంత్రాలు రావాలి, వాటికి దారులు కావాలి, దారులకు చెట్లు పోవాలి. ఊళ్ళు బందు పాటించాయి. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్మానం మంచిదే. అయితే ఖనిజం ఉన్నచోటే ఉంది, అణుఖనిజాల మీద పెత్తనం కేంద్రానిదే. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇటువంటి గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. రేపు మళ్ళీ యంత్రాలు వస్తే, పెద్దగట్టులో తండావాళ్ళు లేచి నిలబడి అడిగినట్టు అడగడానికి ఈసారి సభంటూ ఉండనక్కర్లేదు.