బొమ్మ పాము చుట్టూ అద్దాలు

‘కిండా’ పేరెత్తితే చాలు, ముందు పాము సంగతే వస్తుంది. 1982 ఫిబ్రవరిలో బీబీసీ ప్రసారం చేసిన నాలుగు భాగాల ‘డాక్టర్ హూ’ సైన్స్ ఫిక్షన్ సీరియల్ కథ అది. చివర్లో మార అనే దుష్టశక్తి మహాసర్పమై పడగెత్తాలి. లేచింది మాత్రం జాతరలో పిల్లలు మారాం చేసి కొనిపించుకునే బొమ్మలాంటిది. అడవి సరేసరి, ఆకుల కింద స్టూడియో నేల దాగదు. అయినా ఆ కథంటే మాకు ఇష్టం.

రచయిత క్రిస్టఫర్ బెయిలీకి బౌద్ధం మీద మక్కువ. కథలోని పేర్లలోనే అది తెలుస్తుంది. గ్రహం దేవలోక. అక్కడి అంధ జ్ఞాని పన్నా, ఆమె శిష్యురాలు కరుణ. అమరావతి శిల్పాల్లో మారుణ్ణి ఎరిగిన తెలుగువాడికి, ఈ చుట్టం ఇక్కడికెలా వచ్చాడనిపిస్తుంది.

గాలిగంటల కింద నిద్రపోయిన టీగన్‌కు, అంటే కథానాయకుడైన డాక్టర్ వెంట తిరిగే అమ్మాయికి, వచ్చే కల ఈ కథకు ప్రాణం. చుట్టూ చీకటి. చదరంగం ఆడుతూ, ఈ పిల్ల అసలు ఉందా లేదా అని తీరిగ్గా వాదించుకునే ముసలి జంట. వెకిలిగా నవ్వే దుక్ఖ అనేవాడు. కాసేపటికి టీగన్‌లు ఇద్దరవుతారు, అసలు నేనంటే నేనని పోట్లాడుకుంటారు. దీనికి పెద్దగా ఖర్చయి ఉండదు. పాముకు దొరకని భయం ఇక్కడ పుష్కలంగా దొరికింది.

గ్రహాన్ని ఆక్రమించే పనిమీద వచ్చినవాళ్లు దొర టోపీలతో తిరుగుతుంటారు. వాళ్లలో హిండిల్‌కు అడవి భయంతో మతి చలిస్తుంది. అట్టముక్కలతో మనుషుల్ని చేసుకుని ఆడుకుంటుంటాడు. ఒక బొమ్మ విరిగితే డాక్టర్ ఓదార్చబోతాడు, అతికించుకోవచ్చు కదా అని. మనుషుల్ని అతికించలేమని హిండిల్ విరుచుకుపడతాడు. సైమన్ రౌస్ ఆ పాత్రను నవ్వులాటకు రవ్వంత ఇవతల ఆపి, మనల్ని వణికిస్తాడు.

పాము విషయానికొస్తే, దాన్ని కట్టేసే ఉపాయం మాత్రం అద్భుతం. చుట్టూ అద్దాలు నిలబెడతారు. చెడు తన ముఖం తాను చూసుకోలేదు, కదలలేక అక్కడే చిక్కుకుంటుంది. 2011 డీవీడీలో కంప్యూటర్ పామును కూడా ఇచ్చారు, కావాలంటే దానితో చూడొచ్చు. మా ఓటు పాతదానికే. ఆలోచన అంత బలంగా ఉన్నప్పుడు బొమ్మ ఏదైతేనేం?

మేము సరిపెట్టుకోలేనిది వేరే ఉంది. ఆ గ్రహంలో ఉండే కిండా తెగలో మగవాళ్లకు మాట లేదు, మాట జ్ఞానులైన స్త్రీలదే. తమ్ముణ్ణి బందీగా పట్టుకున్న పరాయివాళ్ల మీద ఆ తెగవాడైన అరిస్‌కు కోపం రగులుతుంది. న్యాయమైన కోపం. కానీ అతనికి నోరు వచ్చేది మార ఆవహించాకే, జనాన్ని దండుకట్టి శిబిరం మీదికి నడిపించేదీ ఆ పూనకంలోనే. దొర టోపీలను అంత చక్కగా వెక్కిరించిన కథ, వాళ్లమీద తిరగబడటాన్ని మాత్రం పాము ఖాతాలో వేసింది. మన్యం పోరాటం కథలు వింటూ పెరిగినవాళ్లకు ఇది ముల్లులా గుచ్చుకుంటుంది. పామును చూసి పగలబడి నవ్విన విమర్శకుల్లో ఈ ముల్లు గుచ్చుకున్నవాళ్లు తక్కువే.