నీడ మన మీదుగా పోయేటప్పుడు

2027 మార్చి 10కి యురేనస్ వలయాలు మనిషి కంటబడి యాభై ఏళ్లు. అదే ఏడాది ఆగస్టు 10న ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు శతజయంతి. తండ్రి ఉద్యోగం చేసిన నిజామియా అబ్జర్వేటరీ నీడలో, హైదరాబాదులో పెరిగిన బప్పే తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు ఖగోళ కేంద్రాన్ని నిలబెట్టారు.

1977లో ఆ రాత్రి యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రావలసి ఉంది. కావలూరులో మీటరు టెలిస్కోపు దగ్గర జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కాపు కాశారు. నక్షత్రం ఉన్నట్టుండి కొన్ని సెకన్లు మసకబారింది. కొత్త ఉపగ్రహమని రాశారు. అదే వేళ హిందూ మహాసముద్రం మీద, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున టెలిస్కోపును మోసుకుని ఎగురుతున్న కైపర్ విమానంలో జేమ్స్ ఎలియట్ బృందానికి గ్రహానికి అటు ఐదు, ఇటు ఐదు మసకలు దొరికాయి. వలయాలని తేలింది. మనవాళ్లు పట్టిందీ వలయాన్నే. ఒక్క మసకతో ఆ మాట చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ విమానాన్ని సిద్ధం చేసింది పరారుణ కాంతి కోసం. గాలిలోని తేమ ఆ కాంతిని మింగేస్తుంది కనుక పైకి పోవాలి. ఎండ నుంచి అందిన కాస్త వెచ్చదనాన్ని వలయాల్లోని ధూళి తిరిగి వెళ్లగక్కేది పరారుణంలోనే. తనకన్నా బాగా పొడవైన తరంగాలను చిన్న రేణువు సరిగా వెలువరించలేదు. అందుకే ఏ తరంగంలో ఎంత వెలుగుందో కొలిస్తే రేణువు సైజు అంచనాకొస్తుంది. శని చుట్టూ ఫీబీ ఉపగ్రహం కక్ష్య వెంట ఉన్న పలుచని మహావలయాన్ని 2009లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు పరారుణంలోనే పట్టింది. 2019లో యురేనస్ ఎప్సిలాన్ వలయం వేడి కొలతను ప్రకటించారు: మైనస్ 196 డిగ్రీలు. అందులో సన్నటి ధూళి జాడ లేదు, గోల్ఫ్ బంతులంతవీ అంతకన్నా పెద్దవీ ఉన్నాయంతే.

మన రాయలసీమలో పెనుకొండ దుర్గమెక్కినా ఈ పరారుణ పని కుదరదు. ఆ ఆశ వద్దు. నీడ సంగతి వేరు. ఆకాశంలోని చిన్న వస్తువు నక్షత్రాన్ని కప్పితే దాని నీడ భూమ్మీద పట్టీలా సాగిపోతుంది. పట్టీలో ఎక్కడ నిలబడితే ఆ వస్తువుకు అక్కడి అడ్డకోత దొరుకుతుంది. సుమారు 250 కిలోమీటర్ల వ్యాసమున్న కారిక్లో అనే బుల్లి వస్తువుకు వలయాలున్నాయని 2013లో దక్షిణ అమెరికాలో ఇలాగే తెలిసింది. 2022లో వెబ్ టెలిస్కోపూ పరారుణంలో అదే పద్ధతిన కారిక్లోను చూసింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిన దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా ఉన్నాయి. ఇలాంటి నీడలు ఎక్కువగా తూర్పు పడమరల దిశలో పోతాయి. మూడు ఊళ్లు, మూడు కోతలు! వానల్లేవని వాపోయే సీమకు మబ్బులేని రాత్రులకు కొదవలేదు, పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ దీపాలు ఎంత పెరిగినా. కాలేజీ డాబా మీద ఓ మోస్తరు టెలిస్కోపు, కెమెరా, జీపీఎస్‌తో నడిచే గడియారం ఉంటే చాలు. గడియారం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, కొలిచేది సెకనులో భిన్నాలను. ఈ సామగ్రి ఇస్తే మూడు ఊళ్లకూ ఇవ్వాలి. ఒక్క ఊళ్లో పెట్టి రిబ్బను కత్తిరించే పనైతే అసలు మొదలుపెట్టనే వద్దు.