పిల్లల రక్షణకు వాయిదాలా?

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల ఆన్‌లైన్ కదలికలపై నిఘా పెట్టరాదని, వారికి గురిపెట్టి ప్రకటనలు గుప్పించరాదని పార్లమెంటు 2023 ఆగస్టులోనే డేటా రక్షణ చట్టం చేసింది. మీరితే రూ.200 కోట్ల దాకా జరిమానా అంది. నియమావళి రాయడానికే కేంద్రానికి రెండేళ్లు పైబడింది. 2025 నవంబరులో అది వెలువడినా, పిల్లలకు సంబంధించిన నిబంధనలకు మరో 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. చట్టం వచ్చేనాటికి పద్నాలుగేళ్లు నిండిన అమ్మాయి అప్పటికి పద్దెనిమిదో ఏట ఉంటుంది. ఆమె కౌమారమంతా కంపెనీల దయాదాక్షిణ్యాలకు వదిలేసినట్లే.

ఆ దయ ఎంతటిదో 2021లోనే తేలిపోయింది. ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల్లో సంస్థ సొంత అధ్యయనమే ఉంది. తమ శరీరాన్ని చూసుకుని కుంగిపోయే టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం, ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరుగుతోందన్నారు. తెలిసి తెలిసీ చేసిన హాని ఇది!

మన పల్లెల సంగతి చూడండి. 2024 అసర్ విద్యా సర్వే ప్రకారం 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. సామాజిక మాధ్యమాల్లో ఉన్నవారిలో తమ ఖాతా అపరిచితుల కంట పడకుండా దాచుకోవడం తెలిసినవారు దాదాపు 55 శాతమే. మిగిలినవారి ఫొటోలు, వివరాలు ఎవరి చేతికి చిక్కినా అడ్డేదీ లేదు.

అయినా తప్పంతా తల్లిదండ్రులదేనని తీర్పులు చెబుతుంటారు. కరోనా కాలంలో పాఠాల కోసం ఫోను కొనిపించింది బడులు కాదా? పొద్దున్నే కూలికి వెళ్లి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లి, రీళ్ల వెనుక పనిచేసే యంత్రాంగాన్ని ఎలా కట్టడి చేయగలదు? కొత్త నియమాలు కూడా తల్లిదండ్రుల సమ్మతిపైనే ఎక్కువగా ఆధారపడ్డాయి. అమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీని చదివి కొట్టేది చాలా ఇళ్లలో పిల్లలే.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధించింది. నిషేధమే సరైన మందా అన్నది వేరే చర్చ. అక్కడ పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు. బాధ్యత ఎవరిదో ఆ చట్టం స్పష్టంగా చెప్పింది.

కేంద్రం 18 నెలల గడువును వెంటనే కుదించాలి. పిల్లలపై నిఘాను, గురిపెట్టిన ప్రకటనలను నిలిపివేయమని కంపెనీలను ఇప్పుడే ఆదేశించాలి.