పేరొక్కటే తిరిగొస్తే చాలదు

పాత ఫౌంటెన్ పెన్నులను మళ్లీ తయారు చేయమని కంపెనీలను పోరుతున్న సేకర్తల పక్షమే నాది. కానీ ఏం కావాలో వాళ్లు తెగేసి చెప్పాలి. 1941లో వచ్చిన పార్కర్ 51నే తీసుకోండి: కొస మాత్రమే కనిపించే బంగారు పాళీ, తిప్పక్కర్లేకుండా తోస్తే బిగుసుకునే మూత, ఒంట్లోకే సిరా పీల్చుకునే ఏర్పాటు. 2021లో అదే పేరుతో వచ్చిన పెన్నుకు ఆ కప్పిన పాళీ పోలిక ఉంది. మూతకు మాత్రం మరలు, లోపల కార్ట్రిడ్జ్, చవక రకానికి ఉక్కు పాళీ. 1940ల నాటి 51లు, కడిగి, అవసరమైతే బాగుచేసి సిరా నింపితే, ఇప్పటికీ హాయిగా రాస్తాయి. ఆ పనితనానికి కాలం చెల్లలేదు మరి! జర్మనీ కంపెనీ పెలికాన్ తన 1930ల నాటి 101ఎన్‌ను ఎం101ఎన్‌గా తెచ్చినప్పుడు సిరా పీల్చే పిస్టన్‌నూ బంగారు పాళీనీ వదల్లేదు. పార్కర్‌నూ అదే అడగాలి: ధర ఎక్కువైనా పరవాలేదు, ఆ మూతా, ఆ సిరా ఏర్పాటూ మళ్లీ ఇవ్వండి.