మత్తు డాక్టరు లేని థియేటరు

నొప్పులు పడుతున్న కోడలిని అర్ధరాత్రి ఏరియా ఆస్పత్రికి తీసుకువస్తే, “బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషను చెయ్యాలి. మత్తు డాక్టరుగారు లేరు, బెజవాడ తీసుకుపొండి” అన్న మాట వినవలసి రావడం డెల్టా పల్లెలవారికి కొత్త కాదు. కాన్పుల డాక్టరమ్మగారు ఉన్నారు, థియేటరు ఉంది, లైటు ఉంది. లేనిదల్లా ఆ ఒక్కరే. అవనిగడ్డ నుంచి బెజవాడ పెద్దాసుపత్రికి దూరం అరవై కిలోమీటర్లకు పైమాటే. దారిలో గడిచే ఆ సమయం తల్లికీ బిడ్డకూ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

మత్తు డాక్టరంటే సూది వేసి వెళ్లిపోయేవారని మనలో చాలామంది అనుకుంటాం. అది పొరపాటు. సర్జను కళ్లు కోత మీద ఉంటాయి. రోగి ఊపిరి, నాడి, రక్తపోటు చివరిదాకా కనిపెట్టి ఉండేది మత్తు డాక్టరే. పూర్తి మత్తు ఇస్తే గొంతులో గొట్టం వేసి ఊపిరి ఆడించేదీ ఆయనే. వెన్నులో సూదితో సరిపెట్టినా బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసివచ్చిన వేలి క్లిప్పు థియేటరులో నిత్యం ఉండవలసిన సాధనం. అయితే దాని అంకె పడిపోతే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి పక్కన లేనప్పుడు ఆ క్లిప్పు ఒక్కటీ ఏం చేస్తుంది?

ఈ విద్య మన తెలుగు గడ్డకు కొత్తదేమీ కాదు. 1846లో బోస్టనులో ఈథరుతో ఆపరేషను చేసి చూపిన తరువాత, క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో నిజాం సర్కారు ఖర్చుతో హైదరాబాదులోనే పరీక్షలు జరిగాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడ చదువుకున్నవారే. ఇక బెజవాడలో 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది. 2023లో బందరులోనూ వైద్య కళాశాల మొదలైంది. ఇన్ని ఉన్నా పల్లెకు దగ్గరి ఆస్పత్రిలో రాత్రిపూట మత్తు ఇచ్చేవారు దొరకకపోతే ఎలా?

ప్రత్యేక వైద్యులు పట్నం విడిచి రారన్నది అధికారులు చెప్పే సాకు. అది కొంత నిజమే. కాని అత్యవసర కాన్పులకోసం ఎంబీబీఎస్ డాక్టర్లకు మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం ఉంది. ప్రైవేటు మత్తు డాక్టరును కేసుకింత అని పిలిపించుకునే వీలూ ఉంది. ఈ రెండూ కాగితం మీదే ఉండిపోరాదు.

మన వైపు తప్పులూ ఉన్నాయి. నీరసంగా ఉంటుందని నర్సుకు తెలియకుండా ఇడ్లీ తినిపించే అత్తగార్లు, అక్కలు ఎందరో! మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అన్నం, టిఫిను, పాలు కనీసం ఆరుగంటల ముందే ఆపాలంటారు. అత్యవసరంలో అంత వ్యవధి లేకపోతే ఎప్పుడు ఏం తిన్నదీ దాచకుండా చెప్పాలి. చుట్ట, బీడీ, తాగుడు, ఉబ్బసం, వేసుకుంటున్న మాత్రలు, కట్టుడు పళ్లు కూడా సిగ్గుపడకుండా చెప్పాలి.

ఆపరేషన్లు జరిగే ప్రతి ప్రభుత్వ ఆస్పత్రి గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టి, ఆ రాత్రి డ్యూటీ మత్తు డాక్టరు పేరు, ఫోను నంబరు రోజూ రాయించాలని కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం. ఎవరూ లేని రాత్రి ఆ మాటా దానిమీదే రాయాలి. అప్పుడు ఆటో గేటు దగ్గరే మళ్లి, గంటసేపు వరండాలో నిలబడకుండా నేరుగా బెజవాడ దారి పడుతుంది.