ఆ దీవిలో ఒక తల్లి ఉండేది

విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ 1954లో వచ్చింది. దానిమీద ఏ విమర్శ తిరగేసినా అదే పాట: పసితనం పోతుంది, మనిషి లోపలి చీకటి బయటపడుతుంది. తరాల తరబడి విద్యార్థులు పరీక్షల్లో ఇదే రాస్తున్నారు. నా పేచీ అంతా ఈ ‘మనిషి’ అన్న మాటతోనే.

కథ తెలిసిందే. యుద్ధం నుంచి తప్పించి తీసుకుపోతున్న ఇంగ్లీషు పిల్లల విమానం కూలి, వాళ్ళు నిర్మానుష్యమైన దీవిలో పడతారు. పెద్దవాళ్ళు లేరు. ఆడపిల్లలు అసలే లేరు. రాల్ఫ్ నాయకుడవుతాడు, జాక్ వేటగాళ్ళ దండు కడతాడు, చివరికి సైమన్, పిగ్గీ హతమవుతారు. ఈ ఇద్దరి చావుల గురించి పుటలకి పుటలు రాసిన విమర్శకులు ఎనిమిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడతారు?

అక్కడ చంపింది ఒక తల్లిని. పిల్లలకి పాలిస్తూ పడుకున్న ఆడపందిని. మందలో మరెన్నో ఉండగా జాక్ దాన్నే ఎంచుకుంటాడు. ఎండలో తరిమి తరిమి, పడిపోయాక మీదపడి పొడుస్తారు. ఆ వేటకి గోల్డింగ్ వాడిన మాటలు కామానివి, పెళ్ళివి. రోజర్ ఈటె ఎక్కడ దిగిందో చెప్పుకుని కుర్రాళ్ళు పగలబడి నవ్వుతారు. ఇది అత్యాచారపు భాష అని గుర్తుపట్టడానికి డాక్టరేటు అక్కర్లేదు. ‘ఆదిమ ప్రవృత్తి’ అని ఒక్క ముక్కలో దాటేయడానికే చాలా చదువు కావాలి!

వాళ్ళ వేటపాటలో కూడా పందికి వాడేది స్త్రీలింగ సర్వనామం. పాటలోకి మృగం వచ్చాక అది పుంలింగమవుతుంది. తెలుగులో రెంటినీ ‘అది’ అనేస్తే ఈ తేడా కాస్తా మాయం. నరికిన తలని కర్రకి గుచ్చి ఆ మృగానికి కానుకగా పెడతారు. ఈగలు ముసిరిన ఆ తలే నవలకి పేరైంది. చచ్చాక తల్లి ‘ప్రభువు’ అయిపోయింది. చివరికి ఆడతనం కూడా మిగల్చలేదు.

పిగ్గీని పెంచింది వాళ్ళ ఆంటీ. మిఠాయి కొట్టు నడిపే మనిషి. పిగ్గీ ఆమె మాట ఎత్తితే చాలు, వెక్కిరింత. అతని అసలు పేరు ఎవరూ అడగరు.

ఆడపిల్లలెందుకు లేరంటే గోల్డింగ్ చెప్పిన కారణాల్లో రెండు తమాషాగా ఉంటాయి: స్త్రీలు పురుషుల కంటే ఎంతో ఉన్నతులు, సమాజానికి చిన్న నమూనాగా మగపిల్లలే సరిపోతారు. ఉన్నతులమట, నమూనాలో మాత్రం చోటు లేదు! పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక పదిహేనేళ్ళ అమ్మాయిపై అత్యాచారానికి ప్రయత్నించానని ఆయనే ప్రచురించని జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 2009లో జాన్ కేరీ రాసిన జీవితచరిత్రతో అది లోకానికి తెలిసింది. ఆ ఒక్క కారణంతో నవలని పారేయమనను. కానీ తనకి తెలిసిన ఒకానొక హింసని మానవజాతి మొత్తానికి పంచిపెడితే, ఆ పంపకాన్ని ప్రశ్నించకుండా ఎలా ఒప్పుకుంటాం?

ఆడపిల్లలుంటే దీవి శాంతినికేతనమయ్యేదని నేననడం లేదు. అది మనల్ని మళ్ళీ ఉన్నతుల పీటమీద కూర్చోబెట్టడమే. మగపుట్టుకే పాపమనీ అనను. 1965లో టోంగా నుంచి ఆరుగురు బోర్డింగ్ స్కూలు కుర్రాళ్ళు పడవ దొంగిలించి బయల్దేరి, తుపానులో చిక్కి, అటా అనే నిర్జన దీవికి కొట్టుకుపోయారు. పదిహేను నెలలకి పైగా బతికారు. వంతులవారీగా పనిచేశారు, నిప్పు ఆరనివ్వలేదు, ఒకరి కాలు విరిగితే కట్టుకట్టి చూసుకున్నారు. కొట్టుకునేంత కోపమొస్తే విడిగా పోయి చల్లబడి వచ్చేవారు. వాళ్ళూ మగపిల్లలే.

మరి జాక్? దీవిలో అడుగుపెట్టేటప్పటికే అతను నల్లంగీల గాయకబృందాన్ని వరసలో నడిపించే దొర. బడిలో పెద్దరికం ఉంది కనక నాయకత్వం తనదేనంటాడు. ఒక కుర్రాడు ఎండకి సొమ్మసిల్లితే విసుక్కుంటాడు. ఈ పెత్తనం ఏ అడవి నేర్పింది? వాళ్ళ అమాయకత్వం పోయిందని ఏడ్చే విమర్శకులు అది ఎప్పుడుందో చూపించాలి.

చివర్లో వాళ్ళని కాపాడే నౌకాధికారి నడుముకి రివాల్వరుతో వస్తాడు. ఇంగ్లీషు కుర్రాళ్ళు ఇంతకంటే బాగా నడుచుకోవద్దా అని నొచ్చుకుంటాడు. రాల్ఫ్ పసితనం కోసం, చీకటి హృదయం కోసం, పిగ్గీ కోసం ఏడుస్తాడు. పంది కోసం ఎవరూ ఏడవరు. అధికారి ఇబ్బందిగా మొహం తిప్పుకుని, దూరంగా ఆగివున్న తన యుద్ధనౌక కేసి చూస్తూ నిలబడతాడు.