హిమవంతుని యాడపడుచులు



మనుచరిత్రమునందలి ప్రవరుడు కాళ్లకు పసరు పూసికొని, యిల్లాలిని గృహముననే విడిచి, యొక్కడే హిమవంతమునకు పోయెను. మంచు సోకి పసరు కరగిపోగా మరలివచ్చు త్రోవ గానక యాతడు పడిన చిక్కు మన మెఱిగినదే. నేటి గృహిణికి పసరుతో పనిలేదు. కాఠ్‌గోదాము వఱకు రైలు గలదు. అచ్చటినుండి మోటారులో ఆల్మోరా, సోమేశ్వరముల మీదుగా కొండదారిని పోయినచో కౌసాని చేరవచ్చును.

ఉత్తరాఖండమునందలి కుమావూ ప్రాంతమున, సుమారు 1,890 మీటర్ల యెత్తున, సరళవృక్షముల నడుమ నున్న చిన్న యూరిది. నైనితాలునందలి జనసమ్మర్ద మిచ్చట లేదు. వానలు వెనుకబట్టిన పిమ్మట, ఆశ్వయుజ కార్తికములలో, వేకువనే లేచి యుత్తరదిక్కునకు చూడవలెను. త్రిశూలము, నందాదేవి, పంచచూలి శిఖరములు తొలుత బూడిదవన్నెగా నుండి, పిదప లేత కుంకుమను పూసికొన్నట్లగును.

వీనిలో నందాదేవి యెత్తు 7,816 మీటర్లు. ఆ కొండలవారు నందను దేవతగా కొలుచుటయే కాక, తమ యింటి యాడపడుచుగా తలంతురు. పుట్టింటినుండి అత్తవారింటికి సాగనంపునట్లు పాటలతో, కన్నీళ్లతో ఆమెకు జాత్ర చేయుదురు. కౌసానికి సుమారు 17 కిలోమీటర్ల దూరమున, గోమతీతీరమునందలి బైజనాథమున, కత్యూరీరాజుల నాటి రాతిగుడులు గలవు. శివపార్వతుల వివాహ మా చెంతనే జరిగెనని స్థానికుల విశ్వాసము. అందలి నల్లరాతి పార్వతీవిగ్రహము నెంత చూచినను తనివితీరదు.

గుడినుండి మరలివచ్చుచుండగా దారిలో నొక గడ్డిమోపు తనంతట నడచివచ్చుచున్నట్లు మాకు తోచెను. దగ్గఱకు వచ్చినపిమ్మట గాని దాని క్రింద నొక స్త్రీ యున్నట్లు తెలియలేదు. ఎంతదూరమునుండి యని వచ్చీరాని హిందీలో నడుగగా, ఆమె యెదుటి కొండను చూపి నవ్వెను. మగవారు పలువురు జీవనార్థమై పల్లపుసీమలకు పోవుదురు. పసరిక, కట్టెలు, పొలము, ఊటలపై గట్టిన నౌలాలనుండి నీరు—ఇవన్నియు స్త్రీల తలమీదివే. రాతిపార్వతికి మ్రొక్కి వచ్చిన మాకు, ఈ పార్వతికి దారి తొలగుటకంటె చేయగలిగిన దేమియు లేకపోయెను.

చేయగలిగినవా రొకరు మునుపే యచ్చటికి వచ్చిరి. 1929 జూనులో గాంధీమహాత్ముడు కౌసానిలో నుండి, తన గీతావ్యాఖ్యయగు అనాసక్తియోగమునకు పీఠిక వ్రాసెను. ఆయన విడిది నేడు అనాసక్తి ఆశ్రమము. యాత్రికు లెల్లరు దానిని చూతురు. ఆయన శిష్యురాలగు సరళాబెహెన్ స్థాపించిన లక్ష్మీ ఆశ్రమమును చూచువారు తక్కువ. లండనునందు 1901లో పుట్టిన యీమె 1932లో మన దేశమునకు వచ్చెను. క్విట్టిండియా యుద్యమమున చెఱసాలకేగినవారి కుటుంబములను కొండకొండయు తిరిగి యాదుకొని, తానును చెఱ ననుభవించెను. 1946లో కొండబాలికల కొఱకు ఈ విద్యాలయమును నెలకొల్పెను. సేద్యము, పశుపోషణ, నూలు వడకుట చదువుతోపాటు నేర్పెను. పనిని నీచమనక, పుస్తకమును దూరముచేయక పెరిగిన యామె శిష్యురాండ్రు పిమ్మట మద్యనిషేధమునకు, అడవుల రక్షణకు పాటుపడిరి.

కావున సోదరీమణులారా, కౌసానికి పోయినచో శిఖరములను తనివితీర చూడుడు. బసలో నీటిని పొదుపుగా వాడుడు. ఆ బిందె యెవరి తలమీద కొండ యెక్కినదో మనమెఱుగము. మీ కూతుండ్రను వెంటగొనిపోయి, నందాదేవితోపాటు లక్ష్మీ ఆశ్రమమును గూడ చూపుడు. హిమవంతుని కూతు రొక్కతె మాత్రమే కాదని వారెఱుగవలెను.